రెండు వేళ్ళ సందు

"కాసేపు కుదురుగా కూర్చోలేవూ?" అన్నాడు భర్త, దువ్వెన గాల్లోనే ఆపి.

"మీరు పాయలు తీస్తున్నారా, ముళ్ళు వేస్తున్నారా?" అంది టైలరమ్మ.

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. కుడి భుజం ఎముక విరిగి, చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో పడ్డప్పటి నుంచి కుట్టుమిషను మీద దుప్పటి పరిచి ఉంది. జడ భర్త వంతుకు వచ్చింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఆవగింజంత మరను పట్టకారుతో ఎత్తి దాని చోట్లో కూర్చోబెట్టగలడు. మూడు పాయల జడ మాత్రం ఆయనకు ఇంకా కొరుకుడు పడలేదు. పొద్దున్న అల్లింది మధ్యాహ్నానికల్లా ఊడిపోతుంది. అయినా మర్నాడు మళ్ళీ దువ్వెన పట్టుకుని వచ్చి వెనక నిలబడతాడు. ఊడిపోతోందని ఆమె ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు.

"బండి మధ్యాహ్నం వస్తుంది," అన్నాడాయన వెనక నుంచి.

ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా మాట్లాడుకోవడానికి జడ వేసుకునే వేళ బాగా పనికొస్తుంది.

"తెలుసు."

"తోట పెద్దాయన మంచివాడే. గడ్డికీ నీళ్ళకీ లోటుండదు."

"మనిషిని పడేసిన గుర్రమని చెప్పారా?"

"చెప్పకుండా ఎలా అంటగడతాను? రేపు ఆయన్ని పడేస్తే?"

"ఏమన్నాడు?"

దువ్వెన ఒకచోట చిక్కుకుంది. ఆయన దాన్ని లాగకుండా, వేళ్ళతో చిక్కు విడదీశాడు.

"స్వారీకి వద్దు, బరువు బండికి కట్టుకుంటానన్నాడు. ఆయన దగ్గర ముళ్ళ కళ్ళెం ఉందట. ఎంత పొగరున్న గుర్రమైనా దెబ్బకి దారికొస్తుందట."

టైలరమ్మ ఎడమ చేతి వేళ్ళు ఒళ్ళో ముడుచుకున్నాయి. చలికాలం పొద్దుటి పూట తన గుర్రం చుక్క నోట్లో కళ్ళెం ఇనుము పెట్టే ముందు, ఆమె దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టేది. చల్లటి ఇనుము తగిలితే చుక్క నాలుక వెనక్కి ముడుచుకుంటుంది. ఆ సంగతి తెలిశాక ఎన్ని చలికాలాలు పోయాయో, ఒక్కనాడు కూడా చల్లటి కళ్ళెం పెట్టలేదు.

"ముళ్ళ కళ్ళెమా," అంది మెల్లిగా.

"నాకు మాత్రం సరదానా?" అన్నాడాయన. "కంచె దగ్గరే నిలబడి ఉన్నాను. కంచె మీది టార్పాలిన్ పట్టా రెపరెపలాడింది, అది పక్కకి దూకింది, నువ్వు కింద ఉన్నావు. ఆ చప్పుడు నీకు తెలీదు. నాకు తెలుసు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే వినబడుతుంది. ఇంక నా వల్ల కాదు."

ఆయన చూసిందంతా నిజమే. చూడనిది ఒక్కటే ఉంది.

చుక్క పక్కకు వేసింది ఒక్క అడుగు. ఆ మాత్రం బెదురు ఏ గుర్రానికైనా ఉంటుంది. అలాంటివి ఎన్నిటికో టైలరమ్మ దాని వీపు మీద నవ్వుతూ కూర్చుంది. ఆ రోజు ఆమెను పడేసింది చుక్క కాదు. జీను జారింది. గుర్రం కడుపు కింద నుంచి జీనును పట్టి ఉంచే పట్టీ వదులుగా ఉంది.

ఆ పట్టీ కట్టింది అమ్మడు.

"అమ్మా, నేను వెళ్తున్నా," అంటూ అమ్మడు తన గదిలోంచి వచ్చింది. కూతురు పెద్దదై, పెళ్ళి చేసుకుని, ఆ పెళ్ళి వదిలేసి వచ్చినా ఇంట్లో పిలుపు మాత్రం అమ్మడే. మందుల షాపు తెల్లకోటు చేతి మీద వేసుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి గ్యాసు మీట ముట్టుకుని చూసింది. మళ్ళీ చూడకుండానే ఇవతలికి వచ్చేసింది.

ఒక్కసారే చూసింది. టైలరమ్మ అది గమనించింది.

కిందటేడు ఇదే షాపులో అమ్మడు ఒక ముసలాయనకు ఇవ్వాల్సిన మాత్ర బదులు ఎక్కువ మోతాదు మాత్ర ఇచ్చింది. ఆయన బతికి బయటపడ్డాడు. షాపు వాళ్ళు కూడా కసరలేదు. కానీ అమ్మడే ఉద్యోగం మానేసి గదిలో కూర్చుంది. మాట పోయింది. గ్యాసు మీట, తలుపు గడియ, కుళాయి, అన్నీ చూడడం, మళ్ళీ చూడడం, పడుకున్నది లేచి వచ్చి చూడడం. ఆ నెలల్లో ఆ పిల్ల తనంతట తాను వెళ్ళిన చోటు ఒక్కటే, గుర్రాల కొట్టం. చుక్క మెడ మీద నుదురు ఆనించి నిలబడేది. చుక్క కదిలేది కాదు, ఈగ వాలినా చర్మం ఒక్కటే వణికేది.

"మధ్యాహ్నం సెలవు అడిగాను," అంది అమ్మడు తండ్రితో. "నేనూ మీతో వస్తా. అమ్మ రానక్కర్లేదు."

"నేను రాననలేదే," అంది టైలరమ్మ.

"అదేదో పెద్ద సాగనంపడంలా ఏడుపులు, కావలింతలు నాకొద్దు అమ్మా. ఎక్కిస్తాం, పంపిస్తాం, అయిపోతుంది."

"నీకు దాని మీద ఇంత కోపమెందుకే?"

అమ్మడు కోటు తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంది. ఒక గుండీ తప్పు కన్నంలో పడితే విప్పి మళ్ళీ పెట్టుకుంది.

"మనుషులు చేస్తారు," అంది చివరికి. "మోసం చేస్తారు, వదిలేస్తారు, నేనైతే మందులే తప్పిచ్చాను. అది మాత్రం చెయ్యదనుకున్నాను."

చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండానే మూసుకుంది. వెనక్కి వచ్చి గడియ చూడలేదు.

భర్త జడ చివర రబ్బరు బ్యాండు వేసి, తన పనిని తానే ఒకసారి చూసుకున్నాడు.

"ఇవాళ బాగానే వచ్చింది," అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది," అంది ఆమె, చూడకుండానే.

*

పదకొండు దాటాక నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో పని చేసే మనిషి. కట్టు చూసే వంకతో ఎవరింట్లోకైనా చనువుగా జొరబడగలదు. కొట్టంలో చుక్క పక్క గది ఆమె గుర్రానిది. ఒక కన్ను కనబడని ఆ ముసలి గుర్రాన్ని ఆమె 'మా ముసలోడు' అంటుంది. మొగుడి గురించి అంటోందేమో అని కొత్తవాళ్ళు తికమకపడతారు.

"బావగారేరీ?"

"కొట్లోకి వెళ్ళారు. పన్నెండుకి తలుపేసి అటునుంచే కొట్టానికి వెళ్తారు."

"అయితే మంచిదే." నర్సమ్మ వంటింట్లో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఊడిపోతున్న జడ చూసింది. "ఈ అల్లిక ఎవరిది, ముసలోడి తోకకి వేసినట్టుంది?"

"ఏమీ అనకు. ఆయన కష్టపడి వేశారు."

"అనను. ఇంకోటి అంటాను, వింటావా అక్కా? ఇవాళైనా చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

టైలరమ్మ కిటికీ వైపు చూసింది. "ఆ మాట అంబులెన్సులోనే అయిపోయింది."

"అంబులెన్సులో నువ్వు నొప్పితో ఉన్నావు. చెయ్యి పట్టుకుని జీను సంగతి ఎవరికీ చెప్పకు అన్నావు, సరేనన్నాను. అప్పుడు చుక్కని పంపించేస్తారని నాకు తెలుసా? జీను పక్కకి వేలాడుతుంటే ఎవరూ చూడకముందే నెట్టి సరిచేసింది నేను. ఈ చేతులతో. ఇప్పుడు పొద్దున్నే మా ముసలోడికి గడ్డి వేస్తుంటే చుక్క గోడమీంచి మెడ చాపి నీకోసం చూస్తుంది. నాకు దాని మొహం చూడ్డానికి సిగ్గుగా ఉంది."

"చూడకు."

"మాటలు బాగానే వస్తున్నాయి." నర్సమ్మ గొంతు తగ్గించింది. "ఒక్క సంగతి నాకు అంతు పట్టడం లేదు. పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూడకుండా నువ్వు గుర్రం ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. మా అందరి లంగాల నడుము పట్టీలకీ అంతే, రెండు వేళ్ళు పట్టాలంటావు. ఆ రోజు ఏమొచ్చింది నీకు?"

ఆ ప్రశ్న టైలరమ్మ తనను తాను ఎన్నోసార్లు అడిగింది. జవాబు కూడా తెలుసు. నోటితో అనడం ఇదే మొదలు.

"అమ్మడు జీను వేసి పట్టీ కట్టింది. గట్టిగానే కట్టింది. చుక్క సంగతి నీకు తెలుసుగా, కట్టేటప్పుడు కడుపు ఉబ్బించి ఊపిరి బిగబడుతుంది. నాలుగడుగులు నడిపిస్తే వదిలేస్తుంది. అప్పుడు మళ్ళీ బిగించాలి. అమ్మడికీ తెలుసు, నేనే నేర్పాను. ఇంతలో దానికి ఫోను వచ్చింది. పక్కకి వెళ్ళింది."

"ఆ."

"షాపు వాళ్ళు. మళ్ళీ పనిలోకి రమ్మని. తిరిగొచ్చింది చూడు, ఆ మొహం... ఎన్నాళ్ళకి చూశానే దాని నవ్వు. 'ఎక్కమ్మా, అంతా సరిగ్గా ఉంది' అంది. నా చెయ్యి పట్టీ దగ్గరికి వెళ్ళింది. అమ్మడు నా చేతినే చూస్తోంది."

నర్సమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది.

"అది గ్యాసు కట్టేస్తే ఆయన వెళ్ళి మళ్ళీ చూస్తారు. తలుపేస్తే నేను వెళ్ళి మళ్ళీ చూస్తాను. అది చేసిన ప్రతి పనీ ఎవరో ఒకళ్ళు వెనకే వెళ్ళి మళ్ళీ చూసేవాళ్ళం. దానికి తెలీదా? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, చూడకుండా ఎక్కాలనిపించింది. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను."

కుళాయిలోంచి ఒక నీటిబొట్టు సింకులో పడింది. నర్సమ్మ లేచి కుళాయి బిగించి వచ్చింది.

"అయితే తప్పు నీదని చెప్పు. చూసుకోవాల్సింది ఎక్కేవాళ్ళే కదా?"

"కట్టింది ఎవరని ఆ తర్వాత మాటే వస్తుంది. ఇప్పుడు ఒక్కసారే చూస్తోంది గ్యాసు మీట. పొద్దున్న గడియ కూడా చూడలేదు. మళ్ళీ తన చేతుల మీదుగా మనిషి చావు దాకా వెళ్ళిందని తెలిస్తే, రేపు ఆ కోటు తొడుక్కుంటుందా?"

"అందుకని చుక్క నోట్లో ముళ్ళు పెట్టిస్తావు."

"ఒకవైపు నా కూతురే."

"రెండోవైపు?"

ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ ఆమెకు తెలుసు. ఎవరి భుజం వంగిందో, ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు చిక్కి దాస్తున్నారో. ఆమె కొలత ఎవరూ తీయలేదు. నలభై దాటాక, మిషను మీద వంగి వంగి నడుము పట్టేస్తే ఎవరో చెప్పగా సరదాకి గుర్రమెక్కింది. ఆమె కూర్చున్న తీరునుబట్టే ఆ రోజు ఆమెకు కోపమో, దిగులో, భయమో చుక్కకు తెలిసిపోయేది. కోపంగా ఉంటే నెమ్మదిగా నడిచేది. దిగులుగా ఉంటే అడగకుండానే పరుగందుకునేది. ఇంట్లో ఇద్దరికీ చెప్పనివి ఆ వీపు మీద చెప్పకుండానే చెప్పేసి దిగి వచ్చేది.

"రెండోవైపుది మాట్లాడలేదు," అంది. "అదే నాకు కలిసొచ్చింది."

అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు. తల దించుకుంది.

నర్సమ్మ సంచీ భుజాన వేసుకుంది. "నేను చెప్పనులే. మాట ఇచ్చాను. కానీ ఒకటి. నువ్వు లేకుండా అది బండెక్కదు. ఎక్కకపోతే వాళ్ళు ఏం చేస్తారో నీకు తెలుసు. నీ కూతురికి కొట్టడం చేతకాదు, బావగారికి అసలే చేతకాదు, బండివాడికి బాగా చేతనవును."

టైలరమ్మ ఎడమ చేత్తో చెప్పులు వెతుక్కుంది.

*

నర్సమ్మ చెప్పినట్టే అయింది. వాళ్ళు కొట్టం చేరేసరికి బండి వెనక తలుపు కిందికి దించి ఉంది. దాని వాలు చెక్క ముందు చుక్క నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడింది. పగ్గం అమ్మడి చేతిలో ఉంది. భర్త పక్కన నిలబడి "రా తల్లీ, రా" అంటున్నాడు, కొట్లో కదలని గడియారాన్ని బుజ్జగించినట్టు.

"కొరడా ఉంది సార్, తియ్యమంటారా?" అన్నాడు బండివాడు.

"వద్దు," అన్నాడు భర్త. వెంటనే, గట్టిగా. తన గొంతుకు తానే తడబడి, "వద్దు బాబూ, తొందరేముంది," అన్నాడు.

చుక్క చెవులు ముందుకు నిక్కాయి. అది టైలరమ్మ నడక చప్పుడు విన్నది. తల ఎత్తి సకిలించింది. గట్టిగా కాదు, పొద్దున్నే గది తలుపు తీసినప్పుడు ముక్కుతో చేసే చిన్న గురగుర.

టైలరమ్మ నేరుగా దాని దగ్గరికి వెళ్ళింది. చుక్క మొదట ఆమె మెడకు కట్టిన గుడ్డను వాసన చూసింది. తర్వాత ఆ చేతికి ఎక్కడా తగలకుండా, ఎడమ భుజం మీద గడ్డం ఆనించింది.

అమ్మడు అది చూసి ముఖం తిప్పుకుంది.

"రావద్దన్నాను కదమ్మా."

"వచ్చాను కదమ్మా," అంది టైలరమ్మ. "దారంతా ఈదురుగాలి. దుప్పటి కప్పారా దీనికి?"

"లేదు."

"కప్పు. నేను కుట్టిందే, గోడకి ఉంది. చలికి తట్టుకోలేదు అది."

అమ్మడు పగ్గం తల్లికిచ్చి దుప్పటి తెచ్చింది. కోటు అంచులకు గడ్డి అంటుకుంది. దుప్పటి వీపు మీద పరిచి, ముడతలు చేత్తో సవరించి, కడుపు కింద నుంచి పట్టీ లాగి కొక్కెంలో వేసింది. ఎంత కోపంగా ఉన్నా పని శ్రద్ధగా చేసింది. ఒక చోట దుప్పటి అంచు చుక్క వెంట్రుకలను లాగుతుంటే ఆగి విడిపించింది. ఆ విడిపించే వేలు అక్కడే ఒక్క క్షణం నిలిచి, మెడ మీద మెల్లిగా రాసింది. తర్వాత పట్టీని మరో కన్నం బిగించింది.

"అయింది. నడిపించు."

"రా చుక్కా," అంది టైలరమ్మ.

చుక్క నడిచింది. ఆమె ఎటు తీసుకెళితే అటే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు, వాలు చెక్క దాకా. అక్కడ ఆగింది. ఎక్కే ముందు ఆమె మాట కోసం ఆగడం దానికి అలవాటు. పెద్దగా ఊపిరి వదిలింది. నుదుటి మీది తెల్ల మచ్చ ఆమె చెంప పక్కన వెచ్చగా కదిలింది.

ఎక్కమని ఒక్క మాట అంటే చాలు. టైలరమ్మ నోట ఆ మాట రాలేదు. ఏం చెయ్యాలో తోచని ఆమె ఎడమ చెయ్యి పగ్గం వదిలేసి, వెయ్యిసార్లు చేసిన పనిని తనంతట తానే చేసింది. దాని కడుపు పక్కగా వెళ్ళి పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చింది.

వేళ్ళు కాదు, అరచెయ్యంతా దూరింది.

ఆమె చటుక్కున చెయ్యి కిందికి జార్చి, రెండు వేళ్ళు మాత్రమే లోపల ఉంచి నిలబడిపోయింది. కానీ అమ్మడు చూసింది. ఆ చెయ్యి అలా లోపలికి వెళ్ళడమూ చూసింది, దాన్ని దాచడమూ చూసింది.

"ఇప్పుడే బిగించాను," అంది అమ్మడు.

"దుప్పటే కదా. ఫరవాలేదు."

"ఇంకో కన్నం కూడా ఎక్కించాను. నువ్వు చూస్తుండగానే."

"ఉబ్బించి ఉంటుందిలే. అలవాటే కదా దానికి. మళ్ళీ బిగిస్తే సరి."

అనేశాక ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి చోటే లేకపోయింది. నర్సమ్మ అటు తిరిగి, తన ముసలి గుర్రం జూలులో లేని చిక్కు తీయడం మొదలుపెట్టింది.

అమ్మడు దగ్గరికి వచ్చింది. పట్టీ వైపు చూసింది. గుడ్డలో ఉన్న తల్లి కుడి చెయ్యి వైపు చూసింది. గొంతు మామూలుగానే ఉంది.

"ఆ రోజు నాకు ఫోను వచ్చింది," అంది అమ్మడు, దారి గుర్తు చేసుకుంటున్నదానిలా. "పట్టీ కట్టాను. ఫోను వచ్చింది. అటు వెళ్ళాను. వచ్చి నిన్ను ఎక్కమన్నాను."

"అమ్మడూ, బండి ఆగి ఉంది."

"నువ్వెప్పుడూ వేళ్ళు పెట్టి చూస్తావు. ఆ రోజు చెయ్యి పెట్టబోయి తీసేశావు. నేను చూశాను. నవ్వావు కూడా." ఆమె ఒక్కొక్క మాటా నేల మీద పెట్టి చూసుకుంటున్నట్టు చెప్పింది. "అమ్మా, నేను తిరిగొచ్చాక మళ్ళీ బిగించానా?"

"ఏమైంది? ఎక్కుతోందా లేదా?" అన్నాడు భర్త బండి అవతల నుంచి.

గాలికి తెల్లకోటు అంచు రెపరెపలాడింది. చుక్క ఆ చప్పుడుకు చెవి తిప్పింది కానీ, పక్కకు అడుగు వేయలేదు.

"బిగించానా అమ్మా?"

ఆ పూటంతా టైలరమ్మ ఎన్నో అబద్ధాలు సిద్ధం చేసుకుంది. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం సిద్ధం చేసుకోలేదు. జడ విడిపోయి వెంట్రుకలు ముఖం మీద పడ్డాయి. తోసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చుక్క నిండుగా ఊపిరి పీల్చుకుంది. పట్టీ బిగుసుకుని ఆమె రెండు వేళ్ళనూ పట్టేసింది. వాటిని లాక్కోకుండానే టైలరమ్మ తలెత్తి కూతురి కళ్ళలోకి చూసి, నోరు తెరిచింది.